వణకని చెయ్యి

మణిధార రాజ్యం పొలిమేర దాటి, తుమ్మడవిలో ఏడు రోజులు నడిచి, ఎనిమిదో రోజు ఎండ చురుక్కుమనే వేళకు మాచనా, అతని భార్యకు అన్న అయిన ఓబనా ధూమదుర్గం ముందు నిలబడ్డారు. ఇద్దరి నెత్తినా సాంబ్రాణి బుట్టలు. ఒంటి నిండా ఎర్రమట్టి, మెడల్లో గవ్వల దండలు. చూసినవాళ్ళు అడవి మనుషులనుకోవాలని వేసిన వేషం అది. ఓబన విషయంలో ఆ వేషం మీసాల దగ్గర కొంచెం చెడింది. మీసం తీసెయ్యమంటే ప్రాణమైనా ఇస్తాను గాని మీసం ఇవ్వనన్నాడు.

కోటను చూడగానే ఆ మీసాల కింద నోరు తెరుచుకుంది. ఒక నల్లరాతి కొండను కొండగానే చెక్కి కోట చేశారు. నూనె పూసినట్టు నిగనిగలాడే గోడలు, గోడల మీద నూరు బురుజులు, బురుజుకో రాగి ధూపపాత్ర. పాత్రల్లోంచి లేచే నీలిపొగ పైకి పోకుండా గోడల వెంబడి కిందికి జారి, కోట చుట్టూ కందకంలా నిలిచింది. ఆ పొగలోంచి ఏనుగు తొండాల సింహాల్లాంటి రాతి యాళులూ మకరాలూ తలలెత్తి, కెంపుల కళ్ళతో దారినపోయేవాళ్ళని చూస్తున్నాయి. నడిమధ్య గ్రహశిఖరమనే ఒంటి గోపురం, దాని కొసన విచ్చుకోని బంగారు తామరమొగ్గ. ఇంత వైభవంలోనూ ఒకటే లోటు. సింహద్వారానికి తలుపులు లేవు.

"తలుపుల్లేని కోటేంది బావా? ఎవడైనా రావచ్చు, పోవచ్చు గదా!" అన్నాడు ఓబన.

"రావడమే ఉంది. పోయినవాణ్ణి చూశానన్నవాడు ఇంతవరకూ దొరకలేదు," అన్నాడు మాచన.

వాళ్ళిద్దరూ ఇక్కడికి ఎందుకొచ్చారో చెప్పుకోవాలి. ఆరు నెలల కిందట ఒక పట్టపగలు, కాకిముసుగులు వేసుకున్న రౌతులు వాళ్ళ ఊరు నూతిపాడు మీద పడి పదకొండు మందిని తోలుకుపోయారు. పదకొండో మనిషి మాచన భార్య నాంచారి. రౌతులు ధూమదుర్గాన్ని ఏలే మాంత్రికుడు కాలకంటకుడి మనుషులు. ఆ కోటకు చేరినవాళ్ళు ఏమవుతారో ఎవరికీ తెలియదు. ఏడాది కిందటే రాజుగారి చిన్నకొడుకు అంతు తేలుస్తానని ఏనుగెక్కి వెళ్ళాడు. ఏనుగు ఒక్కటే తిరిగొచ్చింది.

నాంచారిని గుర్రం మీదికి లాగుతున్నప్పుడు ఓబన పొరుగూళ్ళో ఉన్నాడు. మాచన మాత్రం ఊళ్ళోనే, గడ్డివాము వెనక, ఇరవై అడుగుల దూరంలో ఉన్నాడు. అతను కదలలేదు. కదలకూడదనుకున్నాడని కాదు, కాళ్ళు వినలేదు.

మాచన పిరికివాడిగా పుట్టలేదు. తాతల నాటి నుంచి వాళ్ళది నూతులు తవ్వే పని. ఎనిమిది నిలువుల లోతున చేతిలో దివిటీ లేకుండా పాట పాడుకుంటూ తవ్వినవాడు. నాలుగేళ్ళ కిందట ఒక నూతిలో తండ్రి దిగాడు, పైన మాచన తాడు పట్టుకున్నాడు. ఒడ్డు విరిగి లోపలికి కూలింది. ఆ రోజు తర్వాత మాచన ఒళ్ళు మాచన మాట వినడం మానేసింది. ఇరుకు చూసినా, చీకటి చూసినా, ఒక్కోసారి ఏమీ చూడకపోయినా సరే, గుండె గొంతులోకి వచ్చి కొట్టుకునేది. వేళ్ళకు తిమ్మిరెక్కేది. అన్నం ముద్ద కడుపులో నిలిచేది కాదు. ఊళ్ళోవాళ్ళు వణుకుడు మాచన అని పేరు పెట్టారు. వైద్యుడు వాతమన్నాడు, పూజారి గాలి అన్నాడు.

మందు కనిపెట్టింది నాంచారి. అతనికి దడ వచ్చినప్పుడల్లా ఎదురుగా కూర్చుని, "ఊపిరి పీల్చకు మామా, వదులు. వదిలితే అదే వస్తది. వదులుతా లెక్కపెట్టు," అనేది. అరికాళ్ళు నేలకు గట్టిగా ఆనించమనేది. కళ్ళకు కనబడ్డవాటికి ఒక్కొక్కటిగా పేర్లు చెప్పమనేది. కుండ, గూడు, ఉట్టి, పిల్లి. నాలుగైదు పేర్లయ్యేసరికి దడ తగ్గేది. ఆమె పోయాక ఆ ఆరు నెలలూ మాచన ఎదురుగా మనిషి లేకుండానే ఆ మందు వేసుకున్నాడు. రోజుకు ముప్ఫైసార్లు, నలభైసార్లు. భయం పోలేదు గాని పగ్గానికి వచ్చింది. ఆ పగ్గం పట్టుకునే ఇవాళ ఇక్కడ నిలబడ్డాడు.

సింహద్వారంలో ఒక లావుపాటి ద్వారపాలకుడు పీట మీద కూర్చుని ఉన్నాడు. ముందు కంచు పళ్ళెంలో తెల్లటి పిండి కుప్ప, పక్కన నలుగురు బల్లెగాళ్ళు.

"సాంబ్రాణా? మంచిది. బుట్టలు దించండి. తలా పిడికెడు బియ్యప్పిండి నోట్లో పోసుకోండి. నేను ఇరవై లెక్కపెట్టాక ఉమ్మండి," అన్నాడు విసుగ్గా.

ఓబన ముఖం పాలిపోయింది. మాచనకు మాత్రం ప్రాణం లేచి వచ్చింది. ఈ పరీక్ష అతనికి తెలుసు. నూతిపాట్లో దొంగతనం జరిగితే పెద్దలు అందర్నీ వరసలో నిలబెట్టి పొడి పిండి నమిలిస్తారు. తప్పు చేసినవాడికి భయంతో నోరెండిపోతుంది, పిండి పొడిగానే రాలుతుంది. తప్పు లేనివాడిది తడి ముద్ద. ఇక్కడా అంతే, వేగులవాళ్ళని పట్టుకోవడానికి పెట్టి ఉంటారు. పొడిగా ఉమ్మితే చావు, తడిగా ఉమ్మితే బతుకు. అతను అలా అనుకోవడంలో వింత లేదు. నూతిపాడులో పుట్టినవాడు ఎవడైనా అలాగే అనుకునేవాడు.

పిండి నోట్లో పడగానే నాలుక అట్టకట్టినట్టయింది. మాచన అరికాళ్ళు నేలకు ఆనించాడు. ఊపిరి మెల్లగా ముక్కులోంచి వదిలాడు. లేత చింతకాయను రోట్లో వేసి, రాతి ఉప్పూ పచ్చిమిరపకాయా చేర్చి నాంచారి దంచుతున్నట్టు మనసులో చూశాడు. పచ్చడి వేలితో తీసి నాలుక మీద రాసినట్టు అనుకున్నాడు. దవడల కింద చురుక్కుమంది. నోట్లో ఊట ఊరింది. ద్వారపాలకుడు "ఇరవై" అనేసరికి మాచన ఉమ్మింది ముద్దగా, జావలా పళ్ళెంలో పడింది.

ఓబన నోట్లోంచి దుమ్ము లేచింది. మీసాలు తెల్లబడ్డాయి.

బల్లెగాళ్ళు పకపకా నవ్వి ఓబనను మెడపట్టి ఎడమవైపు చీకటి దారిలోకి గెంటారు. "బావా!" అని ఒక్క కేక వినిపించింది, అంతే. నీ చెల్లెలి కోసం వచ్చి నువ్వు పోయావా అని మాచన లోపల కుమిలిపోయాడు. పైకి చూపించలేదు. ఎందుకంటే అప్పటికే ద్వారపాలకుడు పీట మీంచి లేచి, పొట్ట అడ్డం పడుతున్నా సరే, అతని ముందు నడుము వంచాడు.

"మహానుభావా! ఏడాది దాటింది ఇలాంటి నోరు చూసి. కుడివైపు దయచెయ్యండి," అన్నాడు.

ఎక్కడినుంచో సన్నాయి మోగింది. ఎర్ర కలువల దండ మెడలో పడింది. అడవి మనిషికి ఇంత మర్యాద ఎందుకని మాచన మనసులో ఒక మూల గీకింది. కాని ఆలోచించుకోనివ్వకుండానే పరిచారికలు అతన్ని ముత్యాల తెరల వెనక పాలరాతి తొట్టిలో దించి, పన్నీటితో మట్టి కడిగి, పసుపు పట్టు కట్టబెట్టారు. చేతుల్లో ఒక వెండి గిన్నె పెట్టారు. గిన్నెలో అంచుదాకా నూనె.

"ఒక్క చుక్క ఒలక్కుండా ఆ చివరికి నడవాలి దొరా," అంది ఒక పరిచారిక.

ఎదురుగా పొడవాటి వసారా. రెండడుగులు వేశాడో లేదో, అటూ ఇటూ ఉన్న రాతి యాళులు ఒళ్ళు విరుచుకుని లేచాయి. ఒకటి అతని చెవి పక్కనే గర్జించింది, వేడి ఊపిరి మెడకు తగిలింది. "యాళి," అనుకున్నాడు మాచన, పిల్లికి పేరు చెప్పినట్టే. నేల బండ ఒకటి కిందికి జారిపోయి లోపల మొసళ్ళు నోళ్ళు తెరిచాయి. "మొసలి, మెట్టు, గొలుసు," అనుకుంటూ అంచు వెంబడి పక్కగా నడిచాడు. పైకప్పు నుంచి కత్తులు గుత్తులుగా దిగి, అతని జుట్టు కొసలు కోసి, మళ్ళీ పైకి పోయాయి. గిన్నెలో నూనె అంచు తాకి వెనక్కి వచ్చింది, ఒలకలేదు.

ఆ తర్వాత గోడలు దగ్గరికి జరగడం మొదలుపెట్టాయి.

దానికి మాత్రం అతను సిద్ధంగా లేడు. భుజాలకు రాయి ఆనింది. వెలుతురు పోయింది. చల్లటి తడిమట్టి వాసన వచ్చింది, నూతిలో వచ్చే వాసన. గుండె ఒక్కసారిగా డోలు మీద పడ్డ కర్రలా కొట్టుకుంది. వేళ్ళ చివరలు మొద్దుబారాయి. గిన్నె ఎక్కడుందో చేతులకు తెలియడం మానేసింది. ఇక పడిపోతానని అనుకున్న క్షణంలో నాంచారి ఎదురుగా కూర్చున్నట్టు తలచుకుని, ఉన్న ఊపిరంతా వదిలేశాడు. ఒకటి. మళ్ళీ వదిలాడు. రెండు. పదకొండు లెక్కపెట్టేసరికి గోడలు తెరుచుకుని ఎండ ముఖాన పడింది. గిన్నెలో నూనె నిండుగా ఉంది.

ఆ చివర పరిచారికలు చప్పట్లు కొట్టారు. విచిత్రమేమిటంటే వాళ్ళలో ఇద్దరు ఏడుస్తున్నారు.

అతన్ని ఏనుగుదంతం పీట మీద కూర్చోబెట్టి వెళ్ళిపోయారు. కాసేపటికి రాగి పళ్ళెం, చెంబు పట్టుకుని కాళ్ళు కడగడానికి ఒక ఆడమనిషి తలవంచుకుని వచ్చింది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని అతని పాదం చేతిలోకి తీసుకున్నాక గాని మాచన గుర్తుపట్టలేదు. అంతగా చిక్కిపోయింది నాంచారి. చెవులకు కమ్మలు లేవు, జుట్టు సగం నెరిసింది. ఇరవై ఆరేళ్ళ మనిషి.

"మాట్టాడబాక. తెర ఎనకాల ఇనేవోళ్ళుంటారు," అంది ఆమె పెదవులు కదపకుండా. "ఓబన్న అంట్లసాలలోకి వచ్చాడు. నువ్వు కుడివైపు పోయావని చెప్పాడు. ఎంత పని చేసినావు మామా!"

"నిన్ను తీసుకుపోదామని..." గొణిగాడు మాచన.

"నువ్వింక ఎక్కడికీ పోవు. పిండి పొడిగా ఉమ్మినోళ్ళకి ఇక్కడ అంట్లు తోమే పని ఇస్తారు. భయపడేవోళ్ళు పారిపోరు, వాళ్ళకి కాపలా కూడా అక్కర్లేదు. అందుకే ఈ కోటకి తలుపులు లేవు. తడిగా ఉమ్మినోళ్ళనే చంపేది."

మాచన తన ఒంటి మీది పసుపు పట్టు వైపు చూసుకున్నాడు.

"ఆ కాలకంటకుడికి చేతులు వణుకుతాయి మామా. గిన్నెత్తి నీళ్ళు కూడా తాగలేడు. భయం లేని మనిషి నెత్తురు తాగితే ఏడాది పాటు ఆ వణుకు ఆగుతాదంట. కిందటేడు రాజుగారి కొడుకంట. గోపురం మీదికి తీసుకుపోయారంట. నూటెనిమిది మెట్లు, రోజూ ఊడ్చేది నేనే. పైన డప్పు మూడు ఇడతలు మోగిందంట. మూడో ఇడత ఆగిందో లేదో..." నాంచారి నీళ్ళు పోస్తూ ఆగింది. "ఇయ్యాల మజ్జేన్నం సూర్యుడికి గ్రహణం. ఆ ఏళకే నిన్ను తీసుకుపోతారు."

"ఇప్పుడేం చెయ్యాలే?"

"భయపడు. వాడొచ్చి నాడి చూస్తాడు. నువ్వు గడగడా వణికిపోవాల. నోరెండిపోవాల. ద్వారం కాడ ఏదో పొరపాటు జరిగిందనుకుని అంట్లసాలలోకి తోసేస్తాడు. బతికుంటావు. తర్వాత సంగతి తర్వాత చూసుకుందాం."

మాచన వణుకుదామని చూశాడు. వణుకు రాలేదు. ఆమె చేతుల్లో తన పాదం ఉంది, ఆ చేతులు బతికున్నాయి. నాలుగేళ్ళుగా పిలవకుండానే వచ్చి మీద పడిన దడ, ఇవాళ కావాలంటే రావడం లేదు. గుండె నిద్రపోయే పశువులా ప్రశాంతంగా కొట్టుకుంటోంది.

"రావట్లేదే నాంచారీ. నిన్ను చూశాక రావట్లేదు."

ఆమె తల ఎత్తింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, మరుక్షణమే ముఖం గట్టిపడింది. "అయితే మీ నాయన్ని తల్చుకో. ఆ నుయ్యి తల్చుకో. ఊపిరి వదలబాక, లోపలే బిగబట్టు. నేను చెప్పిందంతా తిరగెయ్," అని పళ్ళెం తీసుకుని లేచింది. వెళ్తూ వెళ్తూ ఒక్కసారి అతని బొటనవేలు నొక్కింది.

నాలుగేళ్ళుగా ఆ రోజు దగ్గరికి పోకుండా మాచన మనసులో ఒక గోడ కట్టుకున్నాడు. ఇప్పుడు తనే ఆ గోడ పడగొట్టాడు. ఊపిరి బిగబట్టి కళ్ళు మూసుకున్నాడు. అరచేతుల్లో తాడు గరుకు తెలిసింది. కింద తండ్రి పారచప్పుడు. "కొంచెం వదులు నాయనా," అన్న మాట. తర్వాత బరువుగా ఏదో కూలిన చప్పుడు, నోట్లోకి ఎగిసిన దుమ్ము. లాగాడు. తాడు తేలిగ్గా, బరువేమీ లేకుండా పైకి వచ్చేసింది. కొసన ఖాళీ ముడి.

భయం వచ్చింది. ఎప్పటిలా కాదు, ఆరు నెలలుగా కట్టేసి ఉంచిందంతా కట్లు తెంపుకుని వచ్చింది. రొమ్ము మీద బండ పెట్టినట్టయింది. చెవుల్లో హోరు. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. కడుపు తిప్పి పసరు కక్కుకున్నాడు. చెమటకు పట్టుబట్ట ఒంటికి అంటుకుపోయింది, అంత చెమటలోనూ పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. పీట మీంచి కింద పడిపోయాడు. చేతులు పక్షి రెక్కల్లా కొట్టుకుంటున్నాయి. ఆపుదామన్నా అవి ఆగేవి కావు.

అలా ఉన్నప్పుడే తెర తొలగింది.

కాలకంటకుడు కోరలున్న రాక్షసుడేమీ కాదు. సన్నగా, పొడుగ్గా, నున్నగా గీయించుకున్న ముఖంతో, ఏ గుడిలోనో పురాణం చెప్పుకునేవాడిలా ఉన్నాడు. జరీ అంగరఖా చేతులు మోకాళ్ళదాకా వేలాడుతున్నాయి. అతను వంగి, ఆ మడతల్లోంచి చెయ్యి తీసి మాచన మణికట్టు పట్టుకున్నాడు. రెండు చేతులూ వణుకుతున్నాయి. అంత దడలోనూ మాచనకు ఒక సంగతి తెలిసిపోయింది. ఇది జబ్బు వణుకు కాదు. ఇది తన వణుకే. లోకాన్ని వణికించే ఈ మనిషి లోపల రాత్రింబగళ్ళు చస్తూ బతుకుతున్నాడు.

మాంత్రికుడు చెవిని మాచన రొమ్ముకు ఆనించి విన్నాడు. లేచి, తన వెనకే వచ్చిన ద్వారపాలకుడి వైపు తిరిగాడు.

"వీడినా నాకు తెచ్చావు? కుందేలుకి ఇంతకంటే గుండె ధైర్యం ఉంటుంది!"

"దేవరా! పిండి తడిగా ఉమ్మాడు దేవరా! గిన్నె ఒలకలేదు దేవరా!"

"గ్రహణం పట్టడానికి ఇంకెంతసేపుంది?"

"రెండు గడియలు, దేవరా."

కాలకంటకుడు పెదవి కొరుక్కున్నాడు. వేళ్ళు అంగరఖా అంచును పీకుతున్నాయి. "పనివాళ్ళనందర్నీ పెరట్లోకి తోలండి. మూడు వందల మంది ఉన్నారు. ఒక్కడికైనా భయం చచ్చి ఉండకపోతుందా? వీణ్ణి కూడా అక్కడే పడెయ్యండి."

మాచనను రెక్కలు పట్టి ఈడ్చుకెళ్ళి పెరట్లో గోడవార పడేశారు. కాపలా ఎవరూ లేరు. అతను బతికాడు. నాంచారి చెప్పినట్టే జరిగింది. ఇంక చాలు, ఊపిరి వదలొచ్చు అనుకున్నాడు. వదలబోయాడు. ఊపిరి ముక్కలు ముక్కలుగా తెగి వచ్చింది. మళ్ళీ ప్రయత్నించాడు. కాళ్ళలో చేవ లేదు, నడుము కింద ఒళ్ళు తనది కానట్టుంది. పిలిచినప్పుడు వచ్చిన భయం పొమ్మంటే పోవడం లేదు.

పెరట్లో మూడు వందల మంది వరసలు కట్టారు. వంటవాళ్ళు, అంట్లు తోమేవాళ్ళు, కట్టెలు కొట్టేవాళ్ళు. ఒకప్పుడు వాళ్ళల్లో సైనికులున్నారు, కుస్తీ పట్టే జెట్టీలున్నారు. ఇప్పుడు అందరి మెడలూ ఒక్కలాగే వంగి ఉన్నాయి. కాలకంటకుడు ఒక్కొక్కరి మణికట్టూ పట్టుకుని నాడి చూసి వదిలేస్తూ నడిచాడు. పట్టుకున్న ప్రతి చెయ్యీ వణికింది. ఓబన చెయ్యి కూడా వణికింది. అతని పక్కనే నాంచారి.

అప్పుడు మాచన ఆమె ముఖం చూశాడు. ఆమె అతన్నే చూస్తోంది. గోడవార వణుకుతూ, వాంతి చారలతో, ప్రాణాలతో పడి ఉన్న మొగుణ్ణి చూసి ఆమె చిన్నగా నవ్వుతోంది. ఆరు నెలల తర్వాత ఆమె ఒళ్ళు తేలికపడింది. తను ఎక్కడ నిలబడిందో కూడా మరిచిపోయింది.

వద్దే, భయపడు అని అరవాలనుకున్నాడు మాచన. నాలుక కదల్లేదు.

మాంత్రికుడు నాంచారి మణికట్టు పట్టుకున్నాడు. ఆగిపోయాడు. అప్పటికి ఆమెకు తెలివొచ్చి చెయ్యి వణికించింది.

"చెయ్యి ఊపుతున్నావు. వణకడం లేదు," అన్నాడు కాలకంటకుడు మెల్లగా, దాహమైనవాడు నీళ్ళు చూసినట్టు. "నాడి ఎంత నిలకడగా ఉంది! నిన్నటిదాకా నువ్వూ వీళ్ళల్లో ఒకదానివేగా. నీ భయం ఏమయింది?"

దాచి లాభం లేదని నాంచారికి అర్థమయింది. "నాకు ఒకటే భయం ఉండేది దొరా. ఒక మనిషి ఉన్నాడో పోయాడో అని. ఇయ్యాల తీరిపోయింది," అంది.

ఓబన మీసాల వెనక నుంచి గావుకేక పెట్టి ఎగిరి మాంత్రికుడి గొంతు పట్టుకోబోయాడు. కాలకంటకుడు చిటికెడు నల్లబూడిద విసిరాడు. ఓబన గాల్లో లేచిన చెయ్యి లేచినట్టే, తెరిచిన నోరు తెరిచినట్టే రాయి అయిపోయాడు. పనివాళ్ళు మూడు వందల మందీ చూపులు నేలకు దించారు. నాంచారి అన్న రాతిముఖాన్ని ఒకసారి తాకింది. తర్వాత ఎవరూ లాగకుండానే గోపురం వైపు నడిచింది.

తన వల్లే, అనుకున్నాడు మాచన. తను రాకపోతే ఆమె భయంతోనే ఉండేది, బతికేది. తను వచ్చి కనబడటమే ఆమెను చంపుతోంది. ఆ ఆలోచనకు గుండె పగిలిపోతే బాగుండుననిపించింది. పగల్లేదు, దడదడా కొట్టుకుంటూనే ఉంది.

ఎండ రంగు మారింది. సూర్యుడి అంచు ఎవరో కొరికినట్టు తరిగింది. గోపురం మీద డప్పు మొదటి విడత మోగడం మొదలైంది. పనివాళ్ళు పరుగెత్తుకుంటూ తమ తమ అంట్ల దగ్గరికి పోయారు. పెరట్లో రాతి ఓబన, మట్టిలో మాచన మిగిలారు.

లేవబోయాడు, మోకాళ్ళు మడతపడి బోర్లా పడ్డాడు. మళ్ళీ లేచాడు, మళ్ళీ పడ్డాడు. సరే, కాళ్ళు రావు. మోచేతులున్నాయి. మోచేతులు కూడా వణుకుతున్నాయి గాని నేలకు నొక్కితే బరువు మోస్తున్నాయి. రాతి ఓబన నీడ దాటి, కట్టెల కుప్ప దాటి, గోపురం గుమ్మం దాకా పాక్కుంటూ వెళ్ళాడు. గుమ్మం దగ్గర ఒక బల్లెగాడు అతన్ని చూసి, పురుగును చూసినట్టు నవ్వి, దారి వదిలాడు. వణుకుతూ పాకుతున్నవాడు ఏం చెయ్యగలడు?

మొదటి మెట్టు మీద గడ్డం ఆనించి ఒళ్ళు పైకి లాక్కున్నాడు. రెండో మెట్టు. మూడు. పట్టుబట్ట చిరిగి మోకాళ్ళు దోక్కుపోయాయి. ఇరవయ్యో మెట్టు దగ్గర కళ్ళు చీకట్లు కమ్మాయి, ముఖం రాయికేసి కొట్టుకుని మళ్ళీ తెలివి తెచ్చుకున్నాడు. ముప్ఫై ఆరో మెట్టు దగ్గర డప్పు ఆగింది. కిటికీలోంచి పడే వెలుతురు బూడిదరంగుకు వచ్చింది. కాకులు పగలే గూళ్ళు చేరుతున్నాయి. నలభయ్యో మెట్టు దగ్గర రెండో విడత మొదలైంది.

భయం తగ్గలేదు. ప్రతి మెట్టు దగ్గరా కొత్తగా పుడుతోంది. ఎక్కుతున్నది తను కాదు, తన భయాన్ని వీపున మోస్తూ ఎవరో ఎక్కుతున్నారనిపించింది. పైకి చేరినా ఏం చేస్తాడు? చేతిలో కత్తి లేదు, చెయ్యే సరిగా లేదు. అయినా మోచెయ్యి తరవాత మోచెయ్యి వేశాడు. అరవై. డెబ్భై రెండు. ఎనభై. నోట్లో నెత్తురు రుచి, ఎప్పుడు నాలుక కొరుక్కున్నాడో తెలియదు.

ఎనభై ఎనిమిదో మెట్టు మీద ఉండగా రెండో విడత ఆగింది. గోపురమంతా నిశ్శబ్దమైపోయింది, అతని మోచేతులు రాతికి రాసుకునే చప్పుడు తప్ప. తను వస్తున్నానని నాంచారికి తెలియాలని, ఆ ఒక్కటీ తెలిసినా చాలని, ఆమె పేరు పిలవడానికి నోరు తెరిచాడు. ఎండిన గొంతులోంచి గాలి వచ్చింది గాని పేరు రాలేదు.

పైనుంచి ఆమె గొంతు మాత్రం అతనికి స్పష్టంగా వినిపించింది. ఏడుపు లేదు అందులో. ఇంట్లో పని తొందరపెట్టినట్టు, కొంచెం చిరాగ్గా, మాంత్రికుడితో అంటోంది.

"తొరగా కానీ దొరా. మా ఆయన పైకొచ్చి చూశాడంటే తట్టుకోలేడు."

డప్పు మూడో విడత మొదలైంది. మాచన ఎనభై తొమ్మిదో మెట్టు మీద మోచెయ్యి వేశాడు.